ఎక్కడైనా ఆడుకోవచ్చట

లోపం లేదని ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పారు మేనేజరు గారూ? లోపం ఉందని నేను ఒక్కసారైనా అన్నానా? వాపసు తీసుకోండి అన్నాను, అంతే. మీరేమో దాన్ని ఆన్ చేసి, ఆఫ్ చేసి, తిరగేసి, బోర్లేసి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసి, బాగానే పనిచేస్తోంది మేడమ్ అంటారు. లైటు వెలిగితే పనిచేస్తున్నట్టేనా?

ఆగండాగండి. ఆ మాట మాత్రం అనకండి. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం అనే మాట. పొద్దున్నించీ సాయంత్రం దాకా ఆ మాట అనే నేను జీతం తెచ్చుకునేది. బస్సు కంపెనీలో ఫిర్యాదుల విభాగం నాది. బస్సు రాలేదని ఒకడు, వచ్చింది గానీ ఆగలేదని ఒకడు, ఆగింది గానీ డ్రైవరు చూసిన చూపు బాగాలేదని ఒకావిడ. అందరికీ చింతిస్తూనే ఉంటాను. మా మధ్య ఆ భాష వద్దు, మామూలుగా మాట్లాడుకుందాం.

కారణం చెప్తే గానీ తీసుకోరా? సరే, చెప్తాను. ఆ స్టూలు ఇలా జరపండి. వాపసుకి ఇవాళే ఆఖరి రోజని మీరే అన్నారు కాబట్టి ఇవాళే తేలాలి. సాయంత్రం లోపు నేను ఇల్లు చేరాలి కూడా. అదెందుకో కూడా చెప్తాను.

ముందు ఈ డబ్బా సంగతి. మధ్యలో తెర, అటూ ఇటూ రెండు పిడులు, పిడుల మీద బటన్లు. చూడ్డానికి ముద్దొస్తుంది, కాదనను. లోపల ఏముందండీ? ఏమీ లేదు. ఆట ఇందులో లేదు. ఆట ఇంట్లో కంప్యూటర్లో నడుస్తుంది. కంప్యూటరు ఆ బొమ్మని వైఫై మీద దీనికి పంపిస్తుంది, నేను ఇక్కడ బటన్ నొక్కితే ఇది ఆ కబురు అక్కడికి మోసుకెళ్తుంది. దీని బతుకంతా అదే. ఎవరింట్లోనో టీవీ ఆడుతుంటే చూడ్డానికి అంత డబ్బు పోసి ఒక కిటికీ కొనుక్కున్నట్టు.

అట్టపెట్టె మీద రాశాం అంటారా? రాశారు. అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో. పైన మాత్రం ఇంత పెద్ద బొమ్మ, చెట్టు కింద కాళ్ళు చాపుకుని ఒక పిల్ల దీన్ని చూసి నవ్వుతూ ఉంటుంది. పక్కన 'ఎక్కడైనా ఆడుకోండి' అని. ఆ చెట్టు కిందకి వైఫై ఎవరు తెచ్చారో రాయలేదు.

ఏంటలా చూస్తున్నారు? ఈవిడకి ఈ వయసులో ఆటలేంటనా? అనుకోండి, మొహమాటం దేనికి. మా ఆఫీసులో అందరూ అనుకుంటారు. సీరియళ్ళు చూస్తే ఎవరూ ఏమీ అనరు గానీ, ఇదంటే అందరికీ నవ్వే.

సరుకు బళ్ళని కొండదారిలో దాటించే ఆట అది. నలుగురం కలిసి ఆడతాం. పైన రాళ్ళ చాటు నుంచి దొంగలు బాణాలేస్తారు. ముందు నడిచేది నేను. డాలు నా చేతిలో ఉంటుంది. బాణం కనపడగానే డాలు ఎత్తాలి, నా వెనక ముగ్గురూ, బళ్ళూ క్షేమంగా పోవాలి. నేను ఎత్తకపోతే అందరూ పోతారు. మిగతా ముగ్గురి మొహాలు నేనెప్పుడూ చూళ్ళేదు, గొంతులే తెలుసు. ఒకావిడ నర్సు. ఒకతను రేవులో క్రేను నడుపుతాడు, అతన్ని క్రేనే అంటాం. ఇంకొకాయన డ్రాయింగు మాస్టారు, ఆయనకి దారులన్నీ బొమ్మ గీసినట్టు గుర్తుంటాయి. నన్ను ముగ్గురూ అక్కా అంటారు. మాస్టారికి నాకంటే ఎక్కువే ఉంటాయి ఏళ్ళు, అయినా అక్కా అనే అంటాడు.

ఎందుకు ఆడతానో తెలుసా? ఆఫీసులో నేను చేయని తప్పులకి క్షమాపణ చెప్పడం నా పని. ఇంట్లో నా మాట కాదనరు గానీ, చెవిన పడితే కదా కాదనడానికి. అక్కడ మాత్రం నేను ఆగండి అంటే ఆగుతారు. పదండి అంటే కదుల్తారు. నాకది కావాలి. దానికి సిగ్గుపడే ఓపిక నాకిప్పుడు లేదు.

మా ఇంట్లో తలుపేసుకోగలిగిన గదులు రెండే. పడకగది ఇద్దరిదీ. వెనక గది నాది. నాది అని ఎవరూ రాసివ్వలేదు, కంప్యూటరు అక్కడుంది, నేనక్కడ కూర్చుంటాను, అలా నాదయింది. సాయంత్రం ఇంటికొచ్చి, వంట ముగించి, తలుపేసుకునేదాన్ని. కుర్చీ నా నడుముకి అలవాటైపోయింది. ఎవరూ వచ్చేవాళ్ళు కాదు.

ఆ గది మీద మా ఆయన కన్ను పడింది.

ఆయన గురించి చెప్పాలంటే, సిమెంటు కంపెనీ గోడౌన్లో స్టోర్స్ చూస్తాడు. మంచివాడే. మంచివాడు అంటే అర్థమైందిగా, ఏమీ అనడానికి వీల్లేకుండా ఉంటాడు. ఈ మధ్య ఆయనకి గొంతు పుట్టుకొచ్చింది. ఇన్నేళ్ళు లేనిది, ఎవరో ఆఫీసు విందులో పాడమన్నారట, పాడాడట, చప్పట్లు కొట్టారట. గోడౌన్లో వాళ్ళు బాసుకి చప్పట్లు కొట్టక ఏం చేస్తారండీ? అప్పట్నించీ ఫోన్లో మ్యూజిక్ పెట్టుకుని దాని మీద పాడి, రికార్డు చేసి, చుట్టాలందరికీ పంపుతాడు. వాళ్ళు చప్పట్ల బొమ్మలు పంపుతారు. ఆయన వాటిని లెక్కపెట్టుకుంటాడు. పై స్థాయికి వెళ్ళేసరికి ఆ గొంతు తలుపు సందులో వేలు నలిగినవాడి గొంతులా ఉంటుంది. నేనెప్పుడూ అనలేదు, మీతోనే అంటున్నాను.

పెళ్ళిరోజున ఈ డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టాడు. రంగు కాగితం చుట్టించి మరీ. పెళ్ళయ్యాక ఆయన నాకోసం అడిగి, విచారించి, తిరిగి కొన్న వస్తువు ఇదొక్కటే అనుకుంటా. ఇక ఆ మూల గదిలో ఒక్కదానివీ మగ్గక్కర్లేదు, ఎక్కడైనా ఆడుకోవచ్చట అన్నాడు. మీ కుర్రాళ్ళే చెప్పుంటారు ఆ మాట. నాకు నిజంగానే కళ్ళు చెమర్చాయి. ఇలాంటిదొకటి ఉందని వెతికి పట్టుకున్నాడంటే నేనేం ఆడతానో గమనించినట్టే కదా అనుకున్నాను. అనుకున్నందుకు ఇప్పుడు నా చెంపలు నేనే వాయించుకోవాలి.

ఆ పూటే తలుపేసుకుని దీన్నీ కంప్యూటర్నీ జత కలిపాను. తంటాలు పడ్డాను గానీ కుదిరింది. ఆ తర్వాత మొదలైంది మీ 'ఎక్కడైనా'.

వంటింట్లో స్టవ్వు పక్కన ఆనించి పెట్టుకున్నాను. మైక్రోవేవ్ ఓవెన్ వేస్తే చాలు, తెర మీద బొమ్మంతా గళ్ళు గళ్ళుగా విడిపోతుంది. ఓవెన్ ఆగితే మళ్ళీ అతుక్కుంటుంది. నేను అన్నం వేడి చేసుకోవాలా, దొంగల్ని ఆపాలా? మంచం మీద ప్రయత్నించాను. బటన్ల టకటకకి మా ఆయనకి నిద్ర పట్టదు. బాల్కనీలోకి వెళ్తే సిగ్నల్ ఒక గీతకి దిగిపోతుంది, పైగా ఎండకి తెరలో నా మొహం తప్ప ఏమీ కనపడదు. ఆఫీసు భోజనాల గదిలో అయితే అసలు తెరుచుకోనే లేదు, అక్కడి వైఫైలో ఆటలు బందు.

ఇల్లంతా పట్టుకు తిరిగితే గీతలు నిండుగా వచ్చిన చోటు ఒకటి దొరికింది. ఎక్కడో చెప్పనా? వెనక గది తలుపు బయట. నేల మీద, తలుపుకి వీపు ఆనించి కూర్చుంటే బ్రహ్మాండంగా వస్తుంది. నా గది బయట నేను చాపేసుకుని కూర్చున్నానండీ. లోపల మా ఆయన పాడుతున్నాడు.

అవును, అప్పటికే లోపలికి చేరిపోయాడు. నేను డబ్బాతో ఇల్లంతా తిరుగుతుంటే, ఇక గదితో నాకు పని లేదనుకున్నాడు. ఆదివారం గోడల నిండా నల్లటి స్పాంజి ముక్కలు అంటించాడు, ప్రతిధ్వని రాకుండా. మైకుకి స్టాండు వచ్చింది. నా కుర్చీ హాల్లోకొచ్చింది. దాని మీద ఇస్త్రీ బట్టలు చేరాయి. నన్నొక మాట అడగలేదు, అడగాలని తోచినట్టు కూడా లేదు. నోరు తెరిచి కాదందామంటే చేతిలో ఆయనిచ్చిన కానుక ఉంది. కానుక పుచ్చుకున్న చేత్తో తగాదా పెట్టుకోవడం ఎంత కష్టమో మీరెప్పుడైనా చూశారా?

వైఫై బాగుంటే ఆలస్యం ఉండదు అంటారా? ఎంత బాగున్నా రెప్పపాటు ఆలస్యం ఉంటుంది, ఆ మాట డబ్బాతో మీరిచ్చిన పుస్తకంలోనే ఉంది. తీరిగ్గా పొలం దున్నుకునే ఆటకైతే ఫరవాలేదు, చీట్ల పేకకైతే ఫరవాలేదు. బాణానికి చాలదు. ఈ తెరలో బాణం కనపడేసరికే అక్కడ అది తగిలి చస్తుంది. నేను చూసేది జరుగుతున్నది కాదు, జరిగిపోయింది. డాలు బటన్ నొక్కుతాను, నా మనిషి కాసేపు ఆలోచించుకుని ఎత్తుతాడు. మా ఆయన్ని గిన్నె అందించమంటే అందించినట్టు.

అయినా సర్దుకున్నాను. అంచనా మీద ఆడడం నేర్చుకున్నాను. బాణం రాకముందే, వస్తుందేమో అని ఎత్తేదాన్ని. ముక్కుతూ మూలుగుతూ నెట్టుకొస్తున్నాను. అప్పుడు కంప్యూటరు ఆపాడు.

అదే చెప్తున్నా. ఆట మధ్యలో తెర నల్లబడింది. వెళ్ళి చూస్తే కంప్యూటరు ఆపేసి ఉంది. అందులో చిన్న ఫ్యాను తిరుగుతుంది కదా, ఆ రొద రికార్డింగులో పడుతోందట. పైగా ఏమన్నాడో తెలుసా? మనిషి లేకుండా అది ఊరికే తిరుగుతోంది, కరెంటు దండగ కదా, నీ బొమ్మ నీ చేతిలోనే ఉందిగా అన్నాడు. అంత చల్లగా అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను ఆడుతున్నానని తెలుసు, ఆడేది అందులోనేనని తెలుసు, తెలిసి ఆపి, ఊరికే తిరుగుతోందట. తెలిసి చేసేవాడికి ఏం చెప్తామండీ? నోరు కట్టేసుకుని బయటికొచ్చేశాను.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పల్లవి మొదలుపెట్టే ముందు వంగి బటన్ నొక్కుతాడు, ఇక్కడ మేం నలుగురం చస్తాం.

తెలియక చేశారేమో అంటారా? మీరు భలేవారు మేనేజరు గారూ. మగవాళ్ళకి మగవాళ్ళు ఇలాగే వంత పాడతారు. ఒకే కప్పు కింద ఇన్నేళ్ళు ఉన్నాం. గోడౌన్లో ఏ బస్తా ఏ వరసలో ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. ఆయనకి తెలియకపోవడమేంటి. మొగుళ్ళకి తెలియదు అనేది పెళ్ళాలు మర్యాద కోసం చెప్పే మాట.

పోయినవారం ఆటలో పెద్ద కనుమ, అంటే రెండు కొండల మధ్య ఇరుకుదారి, దాటే రోజు. చాలాకాలంగా దానికోసం సిద్ధమవుతున్నాం. నర్సు డ్యూటీ మార్చుకుంది. మధ్యలో నా తెర పోయింది. ఆయన మంచినీళ్ళకి వంటింట్లోకి వెళ్ళగానే నేను లేచి పరిగెత్తి, తలుపు తోసి, మళ్ళీ ఆన్ చేసి, అది తెరుచుకుని, ఇది కలుసుకుని వచ్చేసరికి బళ్ళు తగలబడుతున్నాయి. చివరికి క్రేను అన్నాడు, "అక్కా, నువ్వు కొన్నాళ్ళు రెస్టు తీసుకో. నా చెల్లెలి మొగుడు ఆడతానంటున్నాడు."

రెస్టు తీసుకో. ఎంత మర్యాదైన మాట చూడండి. మా కంపెనీలో ఉద్యోగం తీసేసేటప్పుడు కూడా ఇంత మర్యాదగా చెప్పరు.

నేను బతిమాలాను. ఈ వయసులో మొహం తెలియని మనుషుల్ని బతిమాలాను. మాస్టారు నా తరఫున మాట్లాడాడు. ఇవాళ సాయంత్రం కనుమ మళ్ళీ దాటుతున్నారు. అక్క కుర్చీలో కూర్చుని, కంప్యూటర్ ముందు, వైరు పెట్టుకుని ఆడితే అక్కకే డాలు, లేకపోతే ఆ చెల్లెలి మొగుడికి. అలా ఒప్పందం. అందుకే మీ ముందు కూర్చున్నాను. ఈ డబ్బా మీ మొహాన కొట్టి, ఇంటికెళ్ళి, ఇస్త్రీ బట్టలు మంచం మీద పడేసి, కుర్చీ లోపలికి లాక్కుని, మైకు స్టాండు బయట పెట్టి, తలుపేసుకుంటాను. కానుక తిరిగిచ్చేశాక నోరు కూడా లేస్తుంది. పాటలు బాత్రూములో పాడుకోమంటాను. దారంతా ఆ మాటే తిప్పి తిప్పి అనుకుంటూ వచ్చాను.

ఇదేంటి? పెద్ద రౌటరా? దీనికి కొమ్ములు కూడా ఉన్నాయే. ఇది పెట్టుకుంటే బాల్కనీలో కూడా వస్తుందా? నేనింత చెప్పింది విని మీరు తీసిన సామాను ఇదా? ఇది పెడితే ఫ్యాను రొద ఆగుతుందా, నా గది నాకొస్తుందా? లోపల పెట్టేయండి.

అదేంటి, ఇంకోటి? ఆట తనలోనే ఉండేదా. కంప్యూటర్ అక్కర్లేదు, ధర మాత్రం మూడింతలు. మరి మొదట ఆ మాట మా ఆయనకెందుకు చెప్పలేదు? చవకది అడిగాడా. అడిగుంటాడు.

సరే, మీరడక్కపోయినా ఒక మాట చెప్తాను, రేపెవరైనా వచ్చి ఇది కొనొచ్చా అనడిగితే పనికొస్తుంది. ఇంట్లో తనకంటూ ఒక గది, ఒక కంప్యూటరు ఉన్నవాడికి ఇది అక్కర్లేదు. అవి లేనివాడికి ఇది పనిచేయదు. మధ్యలో ఎవడైనా మిగిల్తే వాడికి అమ్ముకోండి.

ఒక్క నిమిషం. ఫోను. ఆయనే.

ఆఁ, చెప్పండి. బయటున్నాను. ఏదో చిన్న పని మీద. ఆఁ. ఏంటి? సరిగ్గా వినపడలేదు, మళ్ళీ చెప్పండి.

ఎవరికి? వదిన వాళ్ళకా?

ఎప్పుడు పట్టుకెళ్ళారు? ఊఁ. ఊఁ. ఫొటోలన్నీ కాపీ చేశారా. మంచిది. ఊఁ. లేదు, ఏం లేదు, ఇక్కడ చప్పుడుగా ఉంది. ఏంటీ? ఏదీ, ఈ బొమ్మా? ఉంది. నా దగ్గరే ఉంది. ఇందులో ఉందనుకున్నారా? ఆట ఇందులో ఉందనుకున్నారా మీరు? అహ, ఏం లేదు. ఏం లేదన్నానుగా. ఉంటాను.

మంచినీళ్ళున్నాయా ఇక్కడ?

కంప్యూటరు ఇచ్చేశాడట. మా వదిన, అంటే ఆయన అక్కగారు, వాళ్ళమ్మాయి ఇళ్ళ ప్లాన్లు గీసే చదువు చదువుతోంది. వాళ్ళింట్లో ఉన్నది పాతది, ప్లాన్ తెరిస్తే ఆగిపోతుందట, పిల్ల ఏడుస్తోందట. మాది గట్టిది కదా, ఆటల కోసం కొన్నది. మనిద్దరికీ ఇక దానితో పనేముంది అనుకున్నాడు. మధ్యాహ్నం సెలవు పెట్టి, తనే కారులో వేసుకుని వెళ్ళి, బిగించి ఇచ్చి వచ్చాడట. నీ పేరు చెప్పే ఇచ్చానోయ్, మా అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది అంటున్నాడు. గొంతులో ఎంత సంబరమో. నాకు రెండో కానుక ఇచ్చినట్టు.

ఆట ఈ డబ్బాలో ఉంటుందనుకున్నాడు మేనేజరు గారూ. మొత్తం ఇందులోకి వచ్చేసిందనుకున్నాడు. అందుకే ఊరికే తిరుగుతోంది అన్నాడు. దెప్పడం కాదు. నిజంగానే ఊరికే తిరుగుతోందనుకున్నాడు. నేనేమో అన్నీ తెలిసి చేస్తున్నాడని పళ్ళు నూరుకుంటూ తిరిగాను. ఒక్క మాట, అది ఆపితే ఇది ఆగిపోతుందండీ అని ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది. రోజంతా ఊళ్ళోవాళ్ళకి బస్సు ఎందుకు రాలేదో విడమరిచి చెప్తానా, ఇంట్లో మనిషికి చెప్పడానికి నా నోరు పడిపోయింది.

ఒక్కసారి నా వెనక నిలబడి చూసుంటే ఆయనకే తెలిసేది, నిజమే. ఇన్నేళ్ళలో చూళ్ళేదు. ఇందాకటి దాకా అదే అందామనుకున్నాను మీతో. ఎంత నిర్లక్ష్యమో చూడండి అని. కానీ చూడమని నేనెప్పుడు పిలిచాను? తలుపు గడియ వేసేదాన్ని. ఆయన అడుగులు వినపడితే ఆట ఆపి, ఫొటోలు తెరిచి పెట్టేదాన్ని. మొదట్లో ఒకట్రెండుసార్లు ఏమాడుతున్నావు అని అడిగాడు. మీకర్థం కాదులెండి అన్నాను.

ఆయనకి తెలియకపోవడమే నాకు ఇష్టం. అసలు సంగతి అది. ఆ ఇంట్లో ప్రతి గిన్నే ఆయనకి తెలుసు, నా జీతం తెలుసు, నా మోకాలి నొప్పి తెలుసు, ఇదొక్కటి తెలియదు. క్రేనూ మాస్టారూ నర్సూ ఆయనకి తెలియరు. నన్ను అక్కా అంటారని తెలియదు. అది నాకు ఎంత బాగుండేదో చెప్పలేను. ఇప్పుడు వెళ్ళి, ఆట అందులో ఉందండీ, ఇందులో లేదు అని చెప్పాలంటే అంతా చెప్పాలి. చెప్తే ఆయన బాధపడతాడు, పరిగెత్తుకెళ్ళి వెనక్కి తెస్తాడు కూడా. మంచివాడన్నానుగా. పిల్ల ముందు నుంచి కంప్యూటరు పీక్కుని వస్తాడు. ఎవరి కోసం? ఆ పిల్లకి అత్తయ్య కోసం కాదు, ఆటలో బళ్ళు దాటించే మనిషి కోసం.

మళ్ళీ ఫోను. చూశారా, వదిన. ఇది ఎత్తక తప్పదు.

హలో వదినా. ఆఁ, ఇప్పుడే చెప్పారు. అయ్యో, దానికేముంది, అంత మాటెందుకు. మీ పిల్ల వేరూ మా పిల్ల వేరూనా? ఏడవకండి. లేదు లేదు, నాకేం ఇబ్బంది లేదు, నేనే ఇమ్మన్నాను. దుమ్ము పట్టి పడుంది, ఎవరైనా వాడుకుంటే మంచిదే కదా. నాకా? నాకు మీ తమ్ముడు కొత్తది తెచ్చారుగా, చేతిలో పట్టుకునేది. చాలా బాగుంది వదినా. ఎక్కడైనా ఆడుకోవచ్చు. ఆదివారం రండి, చూపిస్తాను. పిల్లకి చెప్పండి, బాగా చదువుకోమనండి. ఉంటాను.

సాయంత్రం ఆ చెల్లెలి మొగుడే డాలు పట్టుకుంటాడు. కుర్రాడు బాగానే ఆడతాడట.

లేదు, ఇక రాయకండి. వాపసు కాగితం మీద కారణం రాసింది కొట్టేయండి. ఆ డబ్బా ఇలా ఇవ్వండి, దాని వైరు కూడా. లోపం లేదు, మీరన్నది నిజమే. కంప్యూటరు లేకుండా పనిచేయదని నాకూ తెలుసు, కానీ అది ఇంట్లో నా చేతిలో కనపడాలి.